ఆటోమొబైల్ పుస్తకం మంచిదో కాదో బండి దగ్గర ఎలా తేల్చుకోవాలి

ఎం6 బోల్టు గురించి మెకానిక్‌లకి చెప్పక్కర్లేదు. పదో నంబరు పానా పట్టే చిన్న బోల్టు, వాల్వ్ కవర్ మీద వరసగా ఉండే రకం. దానికి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. కొన్నేళ్ల కిందట విశాఖలో నేను పాఠాలు చెప్పిన ఒక ట్రైనింగ్ సెంటర్‌లో పిల్లలకి పంచిన నోట్సులో ఆ 10 పక్కన ‘కేజీ మీటర్’ అని అచ్చయింది. పెందుర్తి నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రాడొకడు నోట్సులో ఉన్నది ఉన్నట్టు టార్క్ రెంచ్ (ఎంత బిగించాలో ముందే పెట్టుకుంటే, అంత బలం రాగానే టక్ మనే పానా) సెట్ చేసుకుని బుద్ధిగా తిప్పడం మొదలుపెట్టాడు. రెంచ్ టక్ మనాలి కదా, అనడం లేదు. “సార్, ఇంకా టక్కనలేదు సార్” అంటూనే ఇంకో పావు చుట్టు వేశాడు. అప్పుడు టక్కుమంది. రెంచ్ కాదు, బోల్టు.

10 కేజీ మీటర్ అంటే దాదాపు 98 న్యూటన్ మీటర్లు, కారు చక్రం నట్టుకి వేసేంత బలం. తల తెగి చేతికొచ్చింది, మొండెం అల్యూమినియం హెడ్‌లో ఉండిపోయింది. ఆ ముక్క తీయించడానికి గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపు ముందు ఒక పూటంతా కూర్చున్నాం. లేత్ ఆయన నోట్సు కాగితం చూసి నవ్వాడు గానీ ఏమీ అనలేదు. కుర్రాడు మాత్రం తిరిగొచ్చే దారంతా “నా తప్పేనా సార్” అని అడుగుతూనే ఉన్నాడు. తప్పు వాడిది కాదు, ఆ నోట్సు చదవకుండా పంచిన నాది.

అప్పటి నుంచి పుస్తకం, నోట్సు, చార్టు, వీడియో, ఏదైనా సరే పిల్లల చేతికి వెళ్లే ముందు నేను కొన్ని పనులు చేస్తున్నాను. వాటినే ఇక్కడ రాస్తున్నా. మీరు కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్ కావచ్చు, ఐటీఐలో సీటొచ్చిన కుర్రాడు కావచ్చు, మూడు నెలల కోర్సుకి ఫీజు కట్టబోతున్న తల్లిదండ్రులు కావచ్చు. పెద్ద చదువు అక్కర్లేదు. ఒక పెన్సిలు, ఒక కాగితం, ఒక బండి, రెండు మూడు గంటల ఓపిక ఉంటే చాలు.

పుస్తకం తెరవక ముందే పని పేరు రాసుకోండి

చాలామంది చేసే పొరపాటు పుస్తకం తెరిచి విషయసూచిక చదివి “అబ్బో, అన్నీ ఉన్నాయి” అనుకోవడం. అన్నీ ఉండటం గొప్ప కాదు. ఈ పుస్తకం చదివాక కుర్రాడు బండి దగ్గర చేయగలగాల్సిన పనులేంటో ముందు మీరే ఒక కాగితం మీద రాయండి. ‘బ్రేక్ సిస్టమ్’ అని రాయకండి, అది పని కాదు, పాఠం పేరు. ‘కారు ముందు చక్రం బ్రేక్ ప్యాడ్లు మార్చడం’ అని రాయండి. ‘ఇంజన్’ అని కాకుండా ‘ట్యాపెట్ గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూసి సెట్ చేయడం’ అని, అంటే వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీని రేకు బిళ్లలతో కొలిచి సరిచేయడం అని రాయండి. అయిదారు చాలు.

ఆ కాగితం పక్కన మీ కోర్సు సిలబస్ పెట్టుకోండి. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడు, మెకానిక్ డీజిల్ ఏడాది ట్రేడు. రెంటికీ కలిపి ఒకే గైడు అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త. చిన్న కోర్సులైతే ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ తయారుచేసిన క్వాలిఫికేషన్ ప్యాక్ ఉంటుంది. ఏ ఉద్యోగంలో ఏ పని ఏ మేరకు రావాలో అందులో వరసగా రాసి ఉంటుంది. సెంటర్‌వాళ్లని “మీ కోర్సు ఏ క్వాలిఫికేషన్ ప్యాక్ ప్రకారం అండీ?” అని ఒక్క మాట అడగండి. జవాబు తడుముకుంటే మీకు సగం విషయం అక్కడే తెలిసిపోతుంది. డిప్లొమా పిల్లలకి ఎస్‌బీటీఈటీ, అంటే రాష్ట్ర సాంకేతిక విద్యా బోర్డు, ఇచ్చే సిలబస్ వేరు. కంచరపాలెంలో ఐటీఐ, పాలిటెక్నిక్ రెండూ ఉన్నాయి గనక పక్కింటి అన్నయ్య చదివిన పుస్తకం తమ్ముడికి పనికొస్తుందని ఇచ్చేస్తుంటారు. ఇవ్వొచ్చు, కానీ పరీక్ష దానిమీద రాదు.

డబ్బులు పెట్టేముందు ఉచితంగా దొరికేది చూడండి

ఐటీఐ పుస్తకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ చెన్నైలో ఉంది, పేరు నేషనల్ ఇన్‌స్ట్రక్షనల్ మీడియా ఇన్‌స్టిట్యూట్. అందరూ ‘నిమి’ అంటారు. 1986లో పెట్టారు. ట్రేడ్ థియరీ ఒక పుస్తకం, ట్రేడ్ ప్రాక్టికల్ ఇంకో పుస్తకం. ఇవి భారత్ స్కిల్స్ పోర్టల్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, ప్రశ్నల బ్యాంకు కూడా ఉంటుంది. నిమి పుస్తకాల్లో నాకు నచ్చేది వాటి నంబర్ల పద్ధతి. ప్రాక్టికల్‌లో ఎక్సర్‌సైజుకి ఏ నంబరుంటే థియరీలో దానికి సంబంధించిన పాఠానికీ అదే నంబరు ఉంటుంది. పొద్దున చదివిందే మధ్యాహ్నం చేయొచ్చు. మీరు చూస్తున్న ప్రైవేటు గైడులో ఇలాంటి జత ఉందో లేదో చూడండి. థియరీ అంతా ముందు, ప్రాక్టికల్ అంతా ‘చివర్లో చూడుము’ అని ఉంటే అది పరీక్ష కోసం కుట్టిన కట్ట.

నిమి పుస్తకమైతే తప్పులుండవని అనుకోవద్దు. కింద చెప్పేవన్నీ దాని మీదా చేయండి. కాకపోతే జగదాంబ దగ్గరో ద్వారకానగర్‌లోనో వందలు పోసి గైడు కొన్నాక, అందులో సగం ఊరికే దొరికేదేనని తెలిస్తే కడుపు మండుతుంది, అందుకే ఈ మాట ముందు చెప్పాను.

పుస్తకం వయసు లోపల చూడండి, అట్ట మీద కాదు

అట్ట మీద ‘కొత్త ఎడిషన్’ అని వేయడానికి ఏమీ ఖర్చు కాదు. అంబాసిడర్ తయారీ ఆగిపోయింది 2014లో. ఇప్పటికీ క్లచ్ లింకేజీ, స్టీరింగ్ గేర్‌బాక్స్ పాఠాల్లో దాని బొమ్మలే ఉండి, ఇంకేమీ లేకపోతే పేజీలు మారలేదన్నమాట.

నేను చూసే చోట్లు ఇవి. పొగ గురించిన పాఠం బీఎస్4 అనే పాత కాలుష్య ప్రమాణం దగ్గర ఆగిందా? దేశమంతా బీఎస్6 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చేసింది, 2023 ఏప్రిల్‌లో దాని రెండో దశ కూడా మొదలైంది. డీజిల్ పాఠంలో పాతకాలపు ఇన్‌లైన్ పంపుతో సరిపెట్టారా, ఇప్పటి బండ్లలో డీజిల్ చిమ్మే కామన్ రైల్ పద్ధతి ఉందా? పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ గురించి, పొగలో విషవాయువులు తగ్గించడానికి యూరియా ద్రావణం పోసే ఎస్‌సీఆర్ గురించి నాలుగు ముక్కలైనా ఉన్నాయా? ఏసీ పాఠంలో ఆర్12 గ్యాస్ దగ్గరే కూర్చున్నారా? అది ఎప్పుడో పోయింది, ఆర్134ఎ వచ్చి, దాని తర్వాతది ఆర్1234వైఎఫ్ కూడా వచ్చింది.

అలాగని పాతదంతా చెత్త అనకండి. కార్బ్యురేటర్ పాఠం ఉంటే నవ్వే కుర్రాళ్లని చూశాను. ఆ నవ్వినవాడే గోపాలపట్నంలో చిన్న షెడ్డులో చేరి మొదటి రోజే పాత స్కూటర్ కార్బ్యురేటర్ జెట్టు శుభ్రం చేయాల్సి వచ్చింది. కాబట్టి అది ఉందా లేదా అని కాదు, ఎంత ఉందో చూడండి. కార్బ్యురేటర్‌కి 40 పేజీలు, ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి 2 పేజీలు ఉంటే ఆ రాసినాయన తన చదువుకునే రోజులు రాసుకున్నాడు.

పది అంకెలు పట్టుకోండి

ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. పుస్తకంలో అక్కడక్కడా పది అంకెలున్న వాక్యాలు ఎంచుకోండి, వాటిని సొంతంగా సరిచూడండి. అన్నిటికీ ఇంజనీరు అక్కర్లేదు, కొన్ని లెక్క వేస్తే తేలిపోతాయి.

వెర్నియర్ కాలిపర్‌లో 49 మిల్లీమీటర్లని 50 భాగాలు చేస్తే లీస్ట్ కౌంట్, అంటే దాంతో కొలవగల అతి చిన్న కొలత, 0.02 మిల్లీమీటరు రావాలి. మైక్రోమీటర్‌లో స్క్రూ పిచ్ 0.5, థింబుల్ మీద 50 గీతలు, అంటే 0.01. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక సైకిల్‌కి క్రాంక్ 720 డిగ్రీలు తిరుగుతుంది, క్యామ్ దానిలో సగం వేగంతో తిరుగుతుంది, నాలుగు సిలిండర్లయితే 180 డిగ్రీలకోసారి ఒక సిలిండర్ మండాలి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2 అనో 1-2-4-3 అనో ఉంటే సరే, 1-2-3-4 అని ఉందనుకోండి, పుస్తకం మూసేయండి. పూర్తిగా చార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టుల చుట్టూ చూపించాలి, యాసిడ్ స్పెసిఫిక్ గ్రావిటీ 1.26 నుంచి 1.28 మధ్య ఉండాలి. టైరు గాలి 32 అని రాసి పక్కన ‘బార్’ అని అచ్చయిన చార్టుని నేను కళ్లారా చూశాను. 32 పీఎస్ఐ అంటే 2.2 బార్. 32 బార్ ఎక్కిస్తే టైరు కాదు, బాంబు.

అంకె పక్కన యూనిట్ లేకపోతే దాన్ని తప్పు కిందే లెక్కేయండి. నా బోల్టు కథ గుర్తుంది కదా. పదిలో ఒకటి తప్పైతే అచ్చుతప్పు అనుకోవచ్చు, పెన్నుతో దిద్దుకుని వాడుకోవచ్చు. మూడు తప్పైతే మిగతా రెండు వందల పేజీల్లో ఎన్ని ఉంటాయో ఎవరు వెతుకుతారు?

ఇంకో సంగతి, ఇది మొదట్లో నాకూ తెలియలేదు. అన్ని కార్లకీ ఒకే టార్క్, అన్ని ఇంజన్లకీ ఒకే ట్యాపెట్ గ్యాప్ ఇచ్చే పుస్తకం చూడటానికి ధీమాగా కనిపిస్తుంది, నిజానికి అదే ప్రమాదం. మంచి పుస్తకం ఒక బండిని ఉదాహరణగా తీసుకుని ఆ అంకె ఇస్తుంది, ‘మీ ముందున్న బండికి దాని సర్వీస్ మాన్యువల్ చూడండి’ అంటుంది, మాన్యువల్‌లో ఆ పట్టిక ఎలా వెతకాలో ఒకసారి చేయించి చూపిస్తుంది. షోరూముకెళ్తే రేపు వాడి జీవితమంతా ఆ పట్టికలతోనే కదా.

హెచ్చరిక ఎక్కడ పెట్టారు

మొదటి పాఠంలో ‘భద్రతా నియమాలు’ అని ఇరవై పాయింట్లు రాసి, ఆ తర్వాత పుస్తకమంతా ఒక్క హెచ్చరికా లేకపోవడం మామూలే. పరీక్షలో అయిదు మార్కులకి పనికొస్తుంది, వేలు పోకుండా ఆపదు. ప్రమాదం ఉన్న మెట్టుకి ముందు వాక్యంలోనే హెచ్చరిక ఉండాలి. తర్వాత కాదు. ‘వైరు విప్పండి. గమనిక: విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసి ఉండాలి’ అని రాస్తే, కుర్రాడు గమనిక చదివేసరికి నిప్పురవ్వ లేచి ఉంటుంది.

వెతకాల్సినవి కొన్ని చెప్తాను. బ్యాటరీ తీసేటప్పుడు నెగటివ్ ముందు. ఎలక్ట్రోలైట్ కలిపేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. జాకీ ఒక్కదాని మీద బండి నిలబెట్టి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. బ్రేక్ డ్రమ్ములో దుమ్ముని గాలి గొట్టంతో ఊదకూడదు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఈ నాలుగు ఏ పేజీల్లో ఉన్నాయో చూడండి.

ఎలక్ట్రిక్ బండ్ల పాఠమైతే నేను ఇంకేదీ చూడను, ముందు భద్రతే చూస్తాను. నారింజ రంగు కేబుళ్లంటే హై వోల్టేజి అని, బ్యాటరీని విడగొట్టే సర్వీస్ ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచే ఉంటుందని, కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగి, ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని, మీటరు పెట్టి సున్నా అని చూశాకే చేయి వేయాలని రాసి ఉందా? 60 వోల్టులు దాటిన డీసీని ప్రమాదకరంగానే చూస్తారు. ఈ మాటలేవీ లేకుండా ‘మోటార్ విప్పు విధానం’ అని మొదలుపెట్టిన నోట్సు ఉంటే దాన్ని పిల్లల చేతికివ్వకండి. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు.

ఇప్పుడు బండి దగ్గరికి

ఇప్పటిదాకా చెప్పినవి కుర్చీలో కూర్చుని చేసేవి. అసలు పరీక్ష ఇది. ఇదొక్కటే చేసి మిగతావన్నీ వదిలేసినా నేనేమీ అనను.

మీ కాగితంలోంచి ఒక పని తీసుకోండి, ప్యాడ్లు మార్చడం అనుకుందాం. పానాలు పట్టుకోవడం వచ్చిన, కానీ ఈ పని ఇంతకుముందు చేయని ఒక కుర్రాడిని పిలవండి. పుస్తకం వాడి చేతిలో పెట్టండి. “నాన్నా, ఇందులో రాసినట్టే చెయ్యి, రాయనిది చెయ్యకు, అర్థం కాకపోతే ఆగి చెప్పు” అనండి. మీరు పెన్సిలు, ఇంకో కాపీ పట్టుకుని పక్కన నిలబడండి. నోరు మాత్రం తెరవకండి. ఇదే కష్టం, మనకి చెప్పడం అలవాటు కదా, మొదటిసారి నేను నాలుక కరుచుకుని నిలబడ్డాను. ప్రమాదం అయితే తప్ప మాట్లాడొద్దు. వాడు ఎక్కడ ఆగాడో ఆ వాక్యం పక్కన ఒక గీత. ఎక్కడ తప్పు చేయబోయాడో అక్కడ రెండు గీతలు.

ఒకసారి నేను చూసిన పుస్తకంలో ‘చక్రాన్ని విప్పి కాలిపర్‌ను తొలగించి ప్యాడ్లను మార్చండి’ అని ఒకే వాక్యం ఉంది. ఆ కుర్రాడు నిజంగానే కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) మొత్తం విప్పి, బ్రేక్ ఆయిల్ వచ్చే హోస్ మీద వేలాడదీసి, నా వైపు చూశాడు. హోస్ మీద ఆ బరువు పడకూడదు, తీగతోనో కొక్కెంతోనో స్ప్రింగుకి కట్టాలి, పుస్తకంలో ఆ మాట లేదు. రెండు గీతలు. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి, పిస్టన్ లోపలికి నొక్కితే గానీ పట్టవు, ఆ మాటా లేదు. వాడు సుత్తి కోసం చూశాడు. మళ్లీ రెండు గీతలు. పిస్టన్ నొక్కేటప్పుడు పైన డబ్బాలో ఆయిల్ పొంగుతుందని, పొంగి పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుందని చెప్పలేదు. అన్నిటికంటే ఘోరం, చక్రం బిగించాక పుస్తకం ‘పని పూర్తయినది’ అంది. పని పూర్తవలేదు. బండి కదిలించకముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. నొక్కిన పిస్టన్ వెనక్కే ఉంటుంది గనక మొదటి తొక్కుడుకి పెడల్ నేలకి అంటుకుంటుంది, బ్రేక్ పడదు. ఆ వాక్యం లేని పుస్తకంతో నేర్చుకున్నవాడు బండి రివర్సు తీసి గోడకి కొడతాడు, అదీ అదృష్టం బాగుంటే.

అదే పనిమీద నిమి తరహాలో మెట్టుమెట్టుగా రాసిన ఇంకో కాగితం ఇస్తే ఇంకో కుర్రాడు రెండుసార్లే ఆగాడు. రెండిటికీ తేడా విషయసూచికలో కనిపించదు. అక్కడ రెండూ ‘బ్రేక్ ప్యాడ్లు మార్చుట’ అనే ఉన్నాయి.

గీతలు లెక్కపెట్టండి. ఒంటి గీతలున్న చోట మీరు మాటతో పూడ్చుకోవచ్చు. జంట గీతలు రెండు మూడుకి మించితే ఆ పుస్తకం ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఉండొచ్చేమో గానీ పిల్లాడి చేతిలో ఒంటరిగా ఉండకూడదు.

వీలైతే మన ఊరికి సంబంధించిన పని ఒకటి కూడా చేయించి చూడండి. సముద్రపు గాలికి ఇక్కడ వైరింగ్ కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి, ఎర్త్ పాయింట్లు తుప్పు పడతాయి. లైటు మసగ్గా వెలుగుతోందంటే బల్బు మార్చమనే పుస్తకం బీచ్ రోడ్డు బండ్లకి పనికిరాదు. ఎర్త్ దగ్గర వోల్టేజి డ్రాప్ చూడమనేది పనికొస్తుంది. అరకు వెళ్లే బండ్లు అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పెడల్ మెత్తబడటం మనవాళ్లకి అనుభవమే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుందని, డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదని, తేమ పీల్చాక అది 140 దాకా పడిపోవచ్చని, డాట్ 4కి అవే అంకెలు 230, 155 అని రాసిన పాఠం చదివినవాడు ఆ ఘాట్ కథ అర్థం చేసుకుంటాడు. ‘రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చవలెను’ అని మాత్రమే చదివినవాడు మార్క్ తెచ్చుకుంటాడు.

తెలుగు చూడండి, నవ్వొస్తే వదిలేయండి

ఈమధ్య కంప్యూటర్‌తో తెలుగు చేసి, ఎవరూ చదవకుండా అచ్చేస్తున్నారు. కనిపెట్టడం తేలిక. క్లచ్ పాఠానికి వెళ్లి ఫ్రీ ప్లే (పెడల్ పట్టుకునే ముందు ఖాళీగా కదిలే దూరం) ఏమైందో చూడండి. ‘ఉచిత ఆట’ అని ఉంటే దండం పెట్టి బయటకి రండి. స్ప్రింగు ‘వసంతం’ అయిన చోట, నట్టు ‘గింజ’ అయిన చోట, బుష్షు ‘పొద’ అయిన చోట అంకెలు కూడా సరిచూసి ఉండరు.

రెండో వైపు కూడా ఉంది. మరీ గ్రాంథికంగా, షెడ్డులో ఎవరి నోటా వినని మాటలతో నింపిన పుస్తకాలు. ఆ మాట ఒకసారి చెప్పి వదిలేస్తే తప్పులేదు, పేజీ పేజీకీ వాడితే కుర్రాడు పుస్తకం ఒక భాష, షెడ్డు ఒక భాష అనుకుని పుస్తకాన్ని పక్కన పెడతాడు. నాకు నచ్చిన పద్ధతి రెండు పేర్లూ ఇవ్వడం. షెడ్డులో డైనమో అంటాం, కానీ ఇప్పటి బండ్లలో ఉండేది ఆల్టర్నేటర్. సెల్ఫ్ అంటాం, జాబ్ కార్డు మీద స్టార్టర్ మోటార్ అని రాస్తారు. గురువుగారు అడిగింది అందించాలన్నా, షోరూములో కార్డు చదవాలన్నా రెండూ రావాలి.

బొమ్మలు, వీడియోలు

సర్క్యూట్ బొమ్మ మీద వేలు పెట్టండి. బ్యాటరీ పాజిటివ్ దగ్గర మొదలుపెట్టి ఫ్యూజు, స్విచ్చు, రిలే, బల్బు దాటుకుంటూ ఎర్త్ దాకా వేలు ఎత్తకుండా వెళ్లగలగాలి. రిలే కాళ్లకి 30, 87, 85, 86 అని నంబర్లుండాలి. దారి మధ్యలో తెగిపోతే బొమ్మ తప్పు. జిరాక్స్ నోట్సు అయితే వైర్ల రంగులు పోయి అన్నీ నల్లగా ఉంటాయి, గీతల పక్కన రంగు పేరు రాసి ఉందేమో చూడండి, లేకపోతే ఆ బొమ్మ అలంకారానికే.

వీడియోని ఒకసారి సౌండు తీసేసి చూడండి. చేతులు ఏం చేస్తున్నాయో కనిపించాలి. మాట్లాడే ఆయన ముఖమే కనిపిస్తుంటే అది పాఠం కాదు, ప్రవచనం. బయటి దేశపు వీడియోల్లో చాలావాటిలో స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది, పెడల్ బాక్సు, బూస్టరు చోట్లు మారిపోతాయి, మొదటిసారి చూసేవాడికి అది చెప్పి చూపించాలి. టార్క్ రెంచ్ సెట్ చేసే చోట ‘ఇలా బిగించేయడమే’ అని గబగబా దాటించే వీడియోలు చాలా ఉన్నాయి, వాటిలో వేగం మెచ్చుకోవడానికే గానీ నేర్చుకోవడానికి ఏమీ లేదు.

కోసి పెట్టిన ఇంజన్ మోడళ్ల గురించి ఎక్కువ చెప్పను. తిరుగుతుందా, తిప్పితే వాల్వులు సరైన సమయానికి తెరుచుకుంటున్నాయా అని చేత్తో తిప్పి చూడండి. అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేసి ఉంటే అది చూడటానికొచ్చేవాళ్ల కోసం.

ప్రశ్నలు ముందు చదవండి

ఐటీఐ పరీక్ష థియరీ ఇప్పుడు కంప్యూటర్ మీద, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం. అందుకే గైడుల్లో బిట్లు వేలల్లో ఉంటాయి, జవాబుల పట్టికలో తప్పులూ అలాగే ఉంటాయి. ఇరవై బిట్లు మీరే చేసి వాళ్ల జవాబులతో పోల్చండి. తేడా వచ్చినవి లోపలి పాఠంతో సరిచూడండి. అదే పుస్తకంలో పాఠం ఒకటి చెప్పి, జవాబుల పట్టిక ఇంకోటి చెప్పడం నేను చాలాసార్లు చూశాను.

అంతకంటే ముఖ్యం ప్రశ్నలు ఎలాంటివి అన్నది. ‘స్పార్క్ ప్లగ్ అనగానేమి’ తరహా ఎన్ని, ‘బండి పొద్దున స్టార్ట్ అవుతోంది, వేడెక్కాక ఆపితే మళ్లీ అవట్లేదు, మీరు ముందు ఏం చూస్తారు’ తరహా ఎన్ని? రెండో రకం ఒక్కటి కూడా లేకపోతే అది మెకానిక్ పుస్తకం కాదు.

స్కానర్ పాఠం ఉంటే అక్కడ చిన్న చిట్కా. స్కానర్‌లో పి0301 వచ్చిందంటే మొదటి సిలిండర్ మిస్‌ఫైర్ అవుతోందని. నాసి పుస్తకం ‘ప్లగ్ మార్చండి’ అంటుంది. మంచి పుస్తకం మొదటి సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ని రెండో దానికి మార్చి, కోడ్ చెరిపి, మళ్లీ నడిపి చూడమంటుంది. కోడ్ పి0302కి మారితే తప్పు కాయిల్‌ది, మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో వరసగా చూసుకుంటూ వెళ్లాలి. కస్టమర్ డబ్బుతో ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోయే మెకానిక్‌కీ, పట్టుకునే మెకానిక్‌కీ తేడా ఆ నాలుగు వాక్యాల్లో మొదలవుతుంది.

వారం తర్వాత ఇంకోసారి

బండి దగ్గర పరీక్షలో నెగ్గిన కుర్రాడినే వారం తర్వాత పిలిచి, ఈసారి పుస్తకం లేకుండా అదే పని చేయమనండి. ఏ మెట్టు మర్చిపోయాడో ఆ పేజీకి వెళ్లి చూడండి. చాలాసార్లు మర్చిపోయిన మెట్టు పేరా మధ్యలో ఇరుక్కుని, నంబరు లేకుండా, బొమ్మ లేకుండా ఉంటుంది. ఇది చూశాకే నేను నోట్సుల్లో పొడుగు పేరాలు మానేశాను.

సెంటర్‌లో చేరబోయే వాళ్లయితే ఇవన్నీ చేసే వీలుండదు, తెలుసు. కనీసం ఒక పూట వెళ్లి, వాళ్లిచ్చే మెటీరియల్‌లో ఏదో ఒక ప్రాక్టికల్ పేజీ ఫోనులో ఫొటో తీసుకుంటామని అడగండి. తీసుకోనిస్తే దాన్ని మీకు తెలిసిన మెకానిక్ ఎవరికైనా చూపించి “ఇందులో ఏం వదిలేశారు గురూ?” అని అడగండి. ‘బాగుందా’ అని అడిగితే మొహమాటానికి బాగుందంటాడు, ఏం వదిలేశారని అడిగితే టీ తాగేలోపు నాలుగు చెప్తాడు. ఆటోనగర్‌లో అయితే పొద్దున్నే వెళ్లండి, పదిన్నర దాటితే ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.

ఎంచుకున్న పుస్తకంలో తప్పులు కనిపిస్తూనే ఉంటాయి. చివరి అట్ట లోపలి వైపు ఒక కాగితం అంటించి, పేజీ నంబరు, తప్పు, ఒప్పు, తేదీ రాయండి, తర్వాతి బ్యాచ్ పుస్తకాల్లోకి మొదటి రోజే పిల్లల చేతే ఎక్కించండి, ప్రచురించినవాళ్లకి ఆ జాబితా ఫొటో తీసి పంపండి. నా దగ్గరున్న కాపీలో మొదటి వరసలో ‘10 కేజీ మీటర్ కాదు, 10 న్యూటన్ మీటర్’ అని ఉంటుంది. అది రాసింది ఆ పెందుర్తి కుర్రాడే.